కరివేపాకు డబ్బా

నాకు అన్నిటికంటె పెద్ద భయం ఒక్కటే. మా ఆయన పండుకున్నోడు పండుకున్నట్టే పోతడని. లారీ గుద్దుతదని కాదు, ఎత్తు దిగేటప్పుడు జారి పడుతడని కాదు. సైకిల్ రేసులు తొక్కేటోన్ని చేసుకున్నదాన్ని, గా భయాలన్ని పెండ్లినాడే మింగి కూసున్న. నిద్రల, చప్పుడు లేకుంట, నేను పక్కన్నే ఉండంగ గుండె ఆగిపోతదేమో అని. గదీ నా భయం.

గీ భయం నాకు సకల జనుల సమ్మెల పట్టింది. అదే సమ్మెల వదిలింది. తొమ్మిదో తరగతిల బడి బందైన మనిషిని, రాతల తప్పులుంటె సర్దుకోండ్రి. ముచ్చటల మాత్రం తప్పు లేదు.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ దిక్కు పొయ్యే తొవ్వల, కోటేశ్వరమ్మ ఆంటీ ఇంట్ల మీది అర్రల కిరాయికి ఉండేటోళ్లం. నేను, మా బెన్నీ, ఇంకా నడక రాని మా పాప. ఆంటీవాళ్లది గుంటూరు దిక్కు. వెంకటేశ్వరరావు అంకుల్ లెక్కల మాస్టరు చేసి రిటైరైండు, మూత్రపిండాలు చెడి ఇంట్లనే ఉంటుండె. వాళ్లకు ఒక్కడే కొడుకు, శ్రీకర్. ఇంజినీరింగు నడుమల ఇడిచిపెట్టి మా బెన్నీ ఎనుక సైకిల్ పట్టిండు. "నా కొడుకుని నీ మొగుడు చెడగొట్టాడమ్మాయ్" అని ఆంటీ నన్ను రోజూ అనేది. అనుకుంటనే మా పాపకు గోరుముద్దలు పెట్టేది.

బెన్నీది బాటసింగారం. చిన్నగున్నప్పుడు పాల క్యాన్లు కట్టుకొని హైవే మీద ఎల్బీనగర్ దాక తొక్కేటోడు. గట్ల తొక్కి తొక్కి జిల్లా రేసులు, రాష్ట్రం రేసులు గెలిచిండు. పెండ్లినాటికి ఒక కంపెనీ టీముల జీతానికి తొక్కుతుండె. తొక్కుడే పని, తొక్కుడే కూడు. కని సైకిలోని కాళ్లు ఎన్నేండ్లు ఆగుతయి? దసరా ఎల్లినంక ఒక పెద్ద సంస్థ ఆటగాళ్ల కోటాల ఇద్దరిని పక్కా నౌకరికి తీసుకుంటదని తెలిసింది. దానికి రేసు. హైవే మీదనే. బెన్నీకి అది ఆఖరి మోకా. శ్రీకర్‌కు మొదటిది.

సమ్మె మొదలైంది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. ఊరంత పరేషాన్ల ఉంటె మా ఇంట్ల ఇద్దరికి పండుగ. లారీలు లేని విజయవాడ రోడ్డు! గసుంటి రోడ్డు కలల గూడ దొరకదని బెన్నీ మురిసిండు. నేను పాపను సంకనేసుకొని, నీళ్ల సీసాలు, అరటిపండ్లు పట్టుకొని ఎల్బీనగర్ కాడ నిలబడేదాన్ని. వాళ్లు ఆగరు, ఉరుకుతనే నా చేతులకెంచి గుంజుకపోతరు. సీసా ఎట్ల పట్టాలెనో నాకు బాగ తెలుసు. గట్టిగ పడితె మనిషి పడుతడు, ఒదులుగ పడితె సీసా పడుతది.

ఒకనాడు రోడ్డుకు అడ్డంగ వంటావార్పు పెట్టిండ్రు. డేగిశలల్ల అన్నం ఉడుకుతుంది, పాటలు పాడుతున్నరు. భిక్షపతన్న అని, సమ్మె చేసేటోళ్లల్ల ఒకాయన, కట్టె అడ్డం పెట్టి సైకిళ్లను ఆపిండు.

"ఏయ్, దిగుర్రి! చక్రం తిరుగొద్దంటే తిరుగొద్దు. తెల్వదా?"

"అన్నా, గిది డీజిల్ తాగదు, పొగ ఇడవదు. సైకిల్‌కు గూడ సమ్మెనా?" అన్నడు బెన్నీ.

"అన్నిటికి సమ్మెనే. మా ఇంటామె పొయ్యికి గూడ బందు పెట్టింది. అందుకే గీడ వండుకుంటున్నం." అందరు నవ్విండ్రు. భిక్షపతన్న శ్రీకర్ దిక్కు తిరిగిండు. "గీ తెల్లపిలగాడెవడు? నోరు తెరువు, ఏ దిక్కోనివో తెలుస్తది."

శ్రీకర్ మొఖం పాలిపోయింది. "నేను ఇక్కడే పుట్టానన్నా..."

"ఓహో! నోరు తెరిచిండు, తెలిసిపోయింది."

బెన్నీ సైకిల్ దిగిండు. "అన్నా, గాలి ఎదురొచ్చినప్పుడు వీడు ముందుంటె నేను వీని ఎనుక దాక్కొని తొక్కుత. నేను ముందుంటె వీడు దాక్కుంటడు. ఒక్కనితోని కాదు. ఆపితె ఇద్దరిని ఆపు, ఇడిస్తె ఇద్దరిని ఇడువు."

భిక్షపతన్న కట్టె తీసిండు. "పోండ్రి. కని మర్లి ఒచ్చేటప్పుడు మా అన్నం తినకుంట పోతె టైర్ల గాలి తీస్త."

వాళ్లు ఎత్తెక్కుతుంటె చూసిన. పోయినేడు గదే ఎత్తుకు నాలుక బయటపెట్టి, రొప్పుకుంట ఎక్కిన మనిషి. గీసారి నోరు మూసుకొని, ముక్కుతోని గాలి పీల్చుకుంట, బజారుకు పోయినట్టు ఎక్కిండు. నా మొగుడు మొనగాడని నేను పాప చెయ్యి పట్టి ఊపిన.

గంత సంబరపడ్డ. ఎందుకెక్కిండో తెల్వదు కద.

సింగరేణిల బొగ్గు తవ్వుడు బందైనంక కరెంటు కోతలు మొదలైనయ్. పొద్దుమీకి ఒస్తదో, రేపొస్తదో ఎవ్వలకు తెల్వదు. ఆంటీ ఫ్రిజ్జు ఎండాకాలం బీరువా లెక్క అయ్యింది. ఆ ఫ్రిజ్జుకు ఒక మడి ఉండె. చేప సరే, కోడిగుడ్డు గూడ పెట్టనిచ్చేది కాదు. మాకు ఫ్రిజ్జు లేదు కాబట్టి పాప పాలు మాత్రం పెట్టుకొమ్మని ఒక మూల ఇచ్చింది.

ఒకనాడు పొద్దున్నే కరెంటు పోయింది. ఆంటీ పెద్ద కుండల చిన్న కుండ పెట్టి, నడుమ ఇసుక పోసి తడుపుకుంట కేకేసింది.

"ఏంజెలూ! ఫ్రిజ్జులో మీ అంకుల్ ఇంజెక్షన్లు ఉన్నాయి, వేడెక్కకముందే పట్రా తల్లీ. మా అమ్మమ్మ పెరుగు ఇలాగే కుండలో కుండ పెట్టి కాపాడేది. వెధవ కరెంటు, దానికన్నా కుండే నయం!"

పై అరల అంకుల్ సూదుల డబ్బా దొరికింది. తలుపుల కరివేపాకు డబ్బా ఉంటె, ఆకు వాడుతదని అది గూడ తీద్దామని మూత తీసిన. పైన రెండు రెబ్బలు. కింద చిన్న చిన్న గాజుసీసాలు, రెండు కవర్లల్ల. గవి గూడ అంకుల్‌వేనని రెండు డబ్బాలు పట్టుకపోయిన.

"అవెందుకు తెచ్చావ్? అవి మావాడి వైటమిన్లు. మీ ఆయనవి కూడా అందులోనే పెట్టాడు. రాఘవేంద్ర సారు తెప్పించాడట." రాఘవేంద్ర సార్ అంటే ఇద్దరికి తొక్కుడు నేర్పేటోడు. "సరే, వాటినీ కుండలో పెట్టు."

పెట్టబోయిన. చెయ్యి ఆగింది. అంకుల్ సీసా, ఆ సీసా పక్కపక్కన పెట్టి చూసిన. ఇంగ్లీషు నాకు అర్థం కాదు గని అక్షరాలు ఒస్తయి. ఒక్కొక్క అక్షరం మీద గోరు పెట్టుకుంట చదివిన. రెండింటి మీద అదే పేరు.

"ఆంటీ, అంకుల్‌కు గీ సూది ఎందుకిస్తరు?"

"ఒంట్లో రక్తం ఊరడం లేదుగా అమ్మా. రక్తం పట్టడానికి."

అంతల్నే ఎలీశమ్మక్క ఒచ్చింది. మా చర్చి ఆమెనే. దవాఖానల నర్సు, అంకుల్‌కు వారం వారం ఇంటికొచ్చి సూది ఏసి పోతది. బస్సు లేక చైతన్యపురి నుంచి నడుచుకుంట ఒచ్చి కొంగుతోని మొఖం తుడుచుకుంది. అంకుల్‌కు బీపీ చూసి, సూది మళ్ల డబ్బాల పెట్టింది.

"ఇయ్యాల ఇయ్య. బీపీ మీదికుంది. తగ్గినంక ఇస్త."

"ఇంత దూరం నడిచొచ్చి ఇవ్వకుండా పోతావా ఎలీశమ్మా?" అన్నడు అంకుల్.

"నడిచినందుకు ఇస్తరా సార్? రక్తం తక్కువైతె నీరసం. ఎక్కువైతె చిక్కగైతది. పండుకున్నప్పుడు గుండె మెల్లగ కొట్టుకుంటది చూడుండ్రి, గప్పుడు నడుమల అడ్డం పడుతది. గంతే సంగతులు."

మెట్ల కాడ అక్కను ఆపిన. "అక్కా, మంచిగున్నోళ్లకు గా సూది ఇస్తె?"

"నిండిన బిందెల ఎవరన్న నీళ్లు పోస్తరానే?" అన్నది. మళ్ల నా మొఖం చూసింది. "ఎవలకే?"

"ఎవలకు లేదక్కా."

అప్పుడు పట్టింది నాకు భయం. ముందుగాల చూసినవన్ని కండ్ల ముంగట కట్టినయ్. బెన్నీ మధ్యాహ్నం పండుకున్నా ఫోన్ల అలారం పెట్టుకునేటోడు. అది మోగంగనే లేచి, గిర్రున తిరిగే మూడు ఇనుప గొట్టాల మీద సైకిల్ నిలబెట్టి ఉన్నకాడనే తొక్కేటోడు. రాత్రి గూడ గంతే. చెంబుల కొద్ది నీళ్లు తాగేటోడు. "గిదేం పిచ్చి?" అంటె "ట్రైనింగే" అనేటోడు. అది ట్రైనింగ్ కాదు. గుండె నిద్రపోతదని భయపడి గుండెను లేపుడు.

ఆ మధ్యాహ్నం బెన్నీ పండుకుంటె, పాపను ఆయన రొమ్ము మీద పండుకోబెట్టిన. పాప మీదికి పోతుంది, కిందికి ఒస్తుంది. పొయ్యి కాడ నుంచి చూసుకుంట పప్పు తాలింపేసిన. తాలింపు మాడింది. పాప కదిలినన్ని సేపులు నా మొగుడు ఉన్నట్టే అనుకున్న.

అలారం మోగింది. లేచిండు. సైకిల్ కాడికి పోతుంటె తొవ్వకు అడ్డం నిలబడ్డ.

"గుండెను లేపనీకి పోతున్నవా?"

ఆయన ఆగిండు. "ఎవరు చెప్పిండ్రు?"

"సీసాలు చెప్పినయ్. అంకుల్ సూది, నీ సూది ఒక్కటే."

ఆయన పాపను నా చేతికిచ్చి కూసున్నడు. అబద్ధమాడలేదు. గది ఆయన గుణం. "పోయినేడు ఆఖరి ఎత్తు కాడ నేనే ముందున్న ఏంజెల్. ఊపిరి తెగిపోతుంది. గప్పుడు ముగ్గురు నన్ను దాటిండ్రు. ఎట్ల దాటిండ్రో ఎర్కేనా? ముచ్చట పెట్టుకుంట! ఒకడు ఏదో జోకేస్తె ఇంకొకడు నవ్వుతుండు. అందరు ఏసుకుంటున్నరు. సార్ గదే అన్నడు. ఈడ ఎవడు పరీక్ష చేస్తడు అన్నడు."

"దాటనియ్యి."

"దాటనిస్తె నౌకరి పోతది. నీకు, పాపకు ఏం పెడుత?"

"నువ్వు ఉంటె ఏదన్న పెడ్తవు. లేకుంటె ఆ నౌకరి ఎవలకిస్తరు, నీ ఫోటోకా?"

ఆయన పోయి సైకిల్ ఎక్కి తొక్కుడు షురూ చేసిండు. గొట్టాలు గిర్రున తిరుగుతున్నయ్, మనిషి మాత్రం ఉన్నకాడనే ఉన్నడు. నేను ఏడువలేదు. ఏడిస్తె ఓదార్చి మళ్ల సూది ఏసుకుంటడని తెలుసు. ఇంకేదన్న చెయ్యాలె అనుకున్న.

చెయ్యనీకి నాకు ఎక్కువ దినాలు పట్టలేదు. రేసుకు ముందటి రోజు ఎలీశమ్మక్క మళ్ల ఒచ్చింది. అంకుల్ బీపీ దిగింది, కని మనిషి గోడ పట్టుకొని గూడ లేస్తలేడు. కండ్ల కింద తెల్లగైంది. ఆంటీ కుండల చెయ్యి పెట్టి చూసి ఏడ్పు మొఖం పెట్టింది. ఇసుక ఎండిపోయి అంకుల్ సీసాలన్ని వేడెక్కి కూసున్నయ్. మందుల దుకాండ్లల్ల అడిగితె సమ్మె, మాల్ ఒస్తలేదన్నరు.

"పాడైన మందు నేను ఎయ్య" అన్నది అక్క.

బెన్నీ, శ్రీకర్ ముందటర్రల రేపటి రేసుకు చెయిన్లకు నూనె పెడ్తున్నరు. నేను కావాలనే గట్టిగ అన్న. "ఆంటీ, కరివేపాకు డబ్బాల ఉన్నయ్ కద. పొద్దుగాలనే కరెంటు ఒచ్చిందని శ్రీకర్ గదొక్కటే మళ్ల ఫ్రిజ్జుల పెట్టిండు. గవి గూడ గదే సూది."

"అవి వైటమిన్లు వదినా" అన్నడు శ్రీకర్.

"డబ్బా తెచ్చి మీ నాయనకు చదివి ఇనిపియ్యి."

శ్రీకర్ కదలలేదు. నూనె గుడ్డ చేతుల పట్టుకొని అట్లనే ఉన్నడు. బెన్నీ లేచిండు. ఫ్రిజ్జు కాడికి పోయి, డబ్బాలకెంచి తన కవరు ఒక్కటే తీసి, ఎలీశమ్మక్క చేతుల పెట్టిండు. "నావి, అక్కా. అంకుల్‌కు ఎయ్యి."

అక్క సీసాను ఎండకు పట్టి చూసింది. "బిల్లేది?"

"లేదు. సార్ తెప్పించిండు."

"ఏడికెంచి?"

"తెల్వదక్కా."

"ఏ బస్సుల ఒచ్చింది? ఎన్ని దినాలు ఎండల ఉంది?"

బెన్నీ తల ఒంచుకున్నడు.

"తీస్కపో బిడ్డా. గిది నేను పెద్దాయనకు ఎక్కియ్య. రేపు ఆయన పానానికి నేను జవాబు చెప్పాలె."

చావుకు దగ్గరున్న మనిషికి పనికిరాదన్న మందు బెన్నీ అరచేతుల ఉంది. అంకుల్ కుర్చీలకెంచి దాని దిక్కు చూసిండు. బెన్నీ మోచేతి మడతల సూది గుర్తుల దిక్కు చూసిండు. లెక్క తప్పు చేసిన పిలగాన్ని చూసినట్టే చూసిండు, తిట్టలేదు.

"నీ రక్తంలో సగం ఉంటే చాలయ్యా బెన్నీ, ఈ వీధి చివర టీ కొట్టుదాకా నడిచెళ్లి వచ్చేవాణ్ణి" అన్నడు.

బెన్నీ కవరు జేబుల పెట్టుకున్నడు. అక్క దిక్కు తిరిగి అడిగిండు, "అక్కా, అసలు మందు ఏడ దొరుకుతది?"

కోఠి దిక్కు ఒక పెద్ద దుకాణం పేరు చెప్పింది అక్క. బెన్నీ నా టిఫిన్ డబ్బాల ఐసుగడ్డలు పోసుకున్నడు, డాక్టర్ చీటి మడిచి లోపల జేబుల పెట్టుకున్నడు. రాఘవేంద్ర సార్ ఫోను చేసి మొత్తుకున్నడు. ఆయన గొంతు నాకు ఇనొచ్చింది. "రేపు రేసు పెట్టుకుని ఇవాళ కాళ్లు అరగదీసుకుంటావా? పడుకోరా!"

"బస్సుల్లేవు సార్. సైకిలోడు పోకుంటె ఇంకెవడు పోతడు?" అని పెట్టేసిండు.

రాస్తారోకోలు దాటుకుంట, గల్లీలల్ల దూరుకుంట పోయిండు. ఐసు కరగకముందే మర్లొచ్చిండు. అక్క అక్కడనే కూసొని ఉండె. బిల్లు చూసింది, సీసా మీది తారీఖు చూసింది, సూది ఏసింది. బెన్నీ జేబుల కవరు తీసి మురికినీళ్ల మోరి కాడికి పోయిండు. గాజు పలిగిన చప్పుడు నేను మీది నుంచి ఇన్న. దిగి పోలేదు. గది ఆయన పని.

మెట్ల మీద ఆంటీ నన్ను నిలదీసింది. "నా కొడుకు బాగుపడుతుంటే నీకెందుకమ్మా కడుపుమంట? తెలంగాణ వచ్చేస్తే మా నోటికాడ కూడు కూడా మీదేనా?"

"తెలంగాణ రేపొస్తది ఆంటీ. శ్రీకర్ ముచ్చట ఇయ్యాల్టిది. ఆ డబ్బా పారెయ్యండ్రి."

"వాడు మీ ఆయన్లా కాదు. వాడికి బలం ఉంది" అన్నది. కరివేపాకు డబ్బా ఫ్రిజ్జులనే ఉన్నది.

రేసుల శ్రీకర్ రెండో నంబరు. నౌకరి ఒచ్చింది. బెన్నీ గుంపుల ఏడనో ఒచ్చిండు. నేను సీసా అందించిన కాడ ఆయన నోరు తెరిచి రొప్పుతుండు, నాలుక బయటుంది. నాకు గంత నిమ్మలం ఎన్నడు కాలేదు.

"గీసారి గూడ ముచ్చట పెట్టుకుంటనే దాటిండ్రు" అన్నడు ఇంటికొచ్చినంక. "నేను గూడ ఒక మాటన్న. జర ఆగి బాటసింగారంల జామకాయలు తినిపోండ్రి అని!"

ఆంటీ కొబ్బరి లడ్డూలు పట్టుకొని పైకొచ్చింది. మొఖం అటు తిప్పుకొనే ఇచ్చింది. బెన్నీ రెండు తిన్నడు. చెయ్యి కడుక్కొని, పాపను రొమ్ము మీద ఏసుకొని పండుకున్నడు. అలారం పెట్టలేదు. గురక పెట్టిండు, పాప ఉలిక్కిపడి లేచేటంత గురక. నేను ముక్కు కాడ ఏలు పెట్టి చూడలేదు. వాళ్ల పక్కన్నే ఒరిగి నేను గూడ పండుకున్న.

రాష్ట్రం ఒచ్చింది. అంకుల్ ఆ ముచ్చట చూసే పోయిండు. మేము బాటసింగారం మర్లి పోయినం. బెన్నీ సైకిళ్ల దుకాణం పెట్టిండు. పొద్దుగాల పిలగాండ్లకు తొక్కుడు నేర్పుతడు. ఎత్తు కాడ ఎవడన్న రొప్పకుంట ఎక్కితె ఆపి అడుగుతడు. మా బతుకు బాగుంది. బాగుంటదని నాకు ఆ మోరి కాడి చప్పుడుతోనే తెలుసు.

ఆంటీ ఇప్పుడు పొద్దున్నే నాకు ఫోను చేస్తది. "ఏంజెలూ, మావాడు ఫోను ఎత్తట్లేదమ్మా." ఒకసారి "ఆ రోజు నువ్వు చెప్పింది..." అని ఆగిపోయింది. మిగిలింది నేను అననియ్యలేదు. మోకాళ్ల నొప్పులతోని ఆమె గడప దాటలేదు. శ్రీకర్ ఆ సంస్థకు ఇంకా తొక్కుతనే ఉన్నడు. వనస్థలిపురంల ఒక్కడే ఉంటడు. "అవన్నీ మానేశానన్నా" అని బెన్నీకి చెప్పిండు. పోయిన ఆదివారం చర్చి అయినంక కూర పట్టుకపోయిన. పెడదామని ఫ్రిజ్జు తెరిస్తె తలుపుల కరివేపాకు డబ్బా ఉన్నది. ఆ పిలగాడు మెస్సుల తింటడు. ఇంట్ల పొయ్యే లేదు.

మూత తియ్యబోతె చెయ్యి పట్టుకున్నడు. "వద్దొదినా" అన్నడు. చిన్న పిలగాని లెక్క.

ఆదివారం ఆదివారం మేము పోతం. మిగిలిన దినాలు ఎట్ల? మీల ఎవరన్న వనస్థలిపురంల ఉంటె, రైతుబజారు ఎనుక సందుల రెండో అంతస్తు చూడుండ్రి. బాల్కనీల సైకిల్ తలకిందులు ఏలాడుతుంటది. పొద్దున పాల ప్యాకెట్‌కు పోయేటప్పుడు జర ఆ తలుపు కొట్టుండ్రి. నిద్ర చెడగొట్టిండ్రని తిడుతడు. తిట్టనియ్యండ్రి, మంచిదే. పలుకకుంటె మాత్రం మర్లిపోకుండ్రి. పలికేదాక కొట్టుండ్రి.